బోర్లించిన గ్లాసు

“తాళంచెవి ఇవ్వమ్మా.”

“ఇవ్వను.”

“గురువారం కచేరీ దగ్గర పడిందమ్మా. చెయ్యి ఆడకపోతే వేళ్ళు బిగుసుకుపోతాయి.”

“బిగుసుకుపోనీ. కనీసం ఒంటికి అంటుకునైనా ఉంటాయి.”

“అల్జీర్స్ నుంచి రేడియోవాళ్ళు వస్తున్నారు!”

“వాళ్ళ అమ్మలు వాళ్ళను పంపిస్తున్నారు కాబోలు. నేను మాత్రం నిన్ను పంపను.”

ఇదంతా గుసగుసల్లోనే. పొద్దున్నుంచీ మా ఇంట్లో తల్లీకొడుకులకు యుద్ధం జరుగుతోంది, కింద వాటావాళ్ళకు మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా వినపడలేదు. వసారాలో పొయ్యి మీద పూలనీళ్ళు దించే రాగి ఖత్తార్ ఎక్కించి ఉంది మరి. నారింజ పూలు ఉడుకుతున్నాయి. ఖత్తార్ ఎక్కించాక ఆ ఇంట్లో గొంతు పెంచితే పూలనీళ్ళు చేదెక్కుతాయని మా ఖసంటీనాలో పుట్టిన ప్రతి పిల్లకీ పాలతోపాటే చెబుతారు. అందుకని తిట్టుకోవాలన్నా చెవిలో తిట్టుకోవాలి. నోట్లో నువ్వుగింజ నానని నాలాంటిదానికి అది ఎంత నరకమో ఆ అల్లాకే తెలుసు.

జులైఖా నా చెల్లెలు. నదీర్ దాని ఒక్కగానొక్క కొడుకు. మరిది పోయినప్పటినుంచీ దాని లోకమంతా వీడే. అలాంటి కొడుకు నిన్న మధ్యాహ్నం చెవి కింద నెత్తురు చారతో గడప తొక్కాడు. పాట నేర్పే షేఖ్ మెక్కీ శిష్యులందరి ముందూ డప్పు చట్రం పెట్టి కొట్టాడట. ఎందుకు కొట్టాడో వీడు చెప్పడు. జులైఖా ఒక్క మాట మాట్లాడకుండా వాడు వాయించే ఊద్ చేతిలోంచి లాక్కుని, తన పెళ్ళిపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి రవికలో దోపుకుంది. అప్పటినుంచీ వీడికి తిండి లేదు, దానికి నిద్ర లేదు.

నేను తమీనా చేసి పెట్టాను. మొదటి ఖత్తార్ రోజున నోరు తీపి చేసుకోవాలి కదా. వెన్న, తేనె, రవ్వ, పళ్ళెం నిండా. ఎవరూ ముట్టుకోలేదు.

జులైఖా భయం ఉత్తి భయం కాదు. ఆ షేఖ్ చేతిలో ఈ ఇల్లు ఇదివరకే ఒక మనిషిని పోగొట్టుకుంది. ఆ మనిషి చచ్చిపోనూ లేదు. అదిగో, ఖత్తార్ ముందు చిన్న పీట మీద కూర్చుని, పై గిన్నెలో వేడెక్కిన నీళ్ళు తీసి చల్లనీళ్ళు పోస్తున్నాడు. మా తమ్ముడు లార్బీ.

నదీర్ పుట్టకముందు మాట. షేఖ్ మెక్కీ శిష్యుల్లో లార్బీ తరవాతే ఎవరైనా. ఒక పెద్దింటి పెళ్ళిలో మొదటిసారి నూబా మొత్తం ఒంటరిగా పాడటానికి కూర్చోబెట్టారు. నూబా అంటే పాట వెనక పాట, దండలా. దండంతా ముత్యాల్లా వచ్చింది. ఆఖరి పాట, మూడో పాదం దగ్గర తప్పింది.

మా ఊళ్ళో పాట తప్పితే ఎవరూ కేకలు పెట్టరు, లేచిపోరు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు చేతిలోని కాఫీ కప్పును సాసరులో బోర్లిస్తారు. అంతే. ఆ రోజు ఒక కప్పు బోర్లపడింది. తరవాత ఇంకొకటి. వరస చివరిదాకా టక్, టక్, టక్‌మని. ఆడవాళ్ళం జాలీ తెర వెనక కూర్చుని విన్నాం. నా వంటిమీద వెంట్రుకలు ఇప్పటికీ లేస్తాయి.

అప్పటినుంచి లార్బీ పాడలేదు. ఇల్లు, మసీదు, పూలబజారు, మళ్ళీ ఇల్లు. షేఖ్ ఉండే కంసాలుల వీధి వైపు కన్నెత్తి చూడలేదు. ఎక్కడన్నా కప్పు చప్పుడైతే లేచి వెళ్ళిపోయేవాడు. అందుకే మా ఇంట్లో కప్పులుండవు. కాఫీ గ్లాసుల్లో తాగుతాం.

“నువ్వు మామను చూసి భయపడుతున్నావు,” అన్నాడు నదీర్ తల్లితో. గుసగుసే అయినా కత్తిలా ఉంది. “ఆయన ఓడిపోతే నేనూ ఓడిపోవాలా?”

“ఒరే, నోరు మూసుకో,” అన్నాను.

“ఎందుకు మూసుకోవాలి పెద్దమ్మా? ఊరంతా అంటుంది, మనమే అనుకోము. నేను వీధిలో నడుస్తుంటే ‘కప్పుల లార్బీ మేనల్లుడు’ అంటారు. ఆ పేరు పోవాలంటే నేను పాడాలి. అదే పాట పాడాలి. ఆ మూడో పాదం దాటి ఈ ఇంటికి రావాలి!”

లార్బీ చేతిలో చెంబు ఆగింది. అర నిమిషం అలాగే గాల్లో ఉంది. తరవాత మెల్లిగా నీళ్ళు పోశాడు.

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది.

మా ఇంటి మెట్లకు ఆ చప్పుడు కొత్త. అయినా అందరమూ గుర్తుపట్టాం. తెల్లటి బుర్నూసు అంగీ, వంగని నడుం, ఎముక మీద చర్మం సాగదీసి కట్టినట్టున్న మొహం. ఎనభై దగ్గర పడుతున్నా కళ్ళలో ఒక్క బూడిద రవ్వ లేదు, అంతా నిప్పే.

“సలాం,” అన్నాడు షేఖ్ మెక్కీ. ఖత్తార్‌ను చూసి ఆయన కూడా గొంతు తగ్గించాడు. “శుభమైన రోజే వచ్చాను. మా అమ్మ కూడా ఎక్కించేది.”

“రండి షేఖ్ గారూ,” అన్నాను. ఇంటికొచ్చినవాడు శత్రువైనా కూర్చోబెట్టాలి కదా.

నదీర్ పరుగున వెళ్ళి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. చెవి కింద ఇంకా పచ్చిగా ఉన్న పుండుతో, అదే చేతిని! జులైఖా ఆ దృశ్యం చూడలేక మొహం తిప్పుకుంది.

లార్బీ లేవలేదు, తల తిప్పలేదు. షేఖ్ కూడా ఆ మూల పీట ఖాళీగా ఉన్నట్టే ప్రవర్తించాడు.

కాఫీ తెచ్చి పళ్ళెంలో పెట్టాను. ఆయన గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కప్పులు లేవా అమ్మా మీ ఇంట్లో?”

“పగిలిపోయాయి షేఖ్ గారూ.”

“అన్నీనా?”

“అన్నీ ఒక్క పెళ్ళిలోనే పగిలాయి.”

ఆయన పెదవి కాస్త కదిలింది. నవ్వో, ఇంకోటో చెప్పలేను. కాఫీ ఒక గుక్క తాగాడు.

“వీడు పొద్దున రాలేదు,” అన్నాడు.

“ఇక రాడు,” అంది జులైఖా తలుపు దగ్గర నుంచే. “పశువును కొట్టినట్టు కొట్టారు. నా బిడ్డను నేనే ఒక దెబ్బ వెయ్యలేదు.”

“నేను కొట్టింది వాడి బద్ధకాన్నమ్మా.”

“బద్ధకానికి నెత్తురు రాదు షేఖ్ గారూ. ఆ చొక్కా ఉతికింది నేను.”

“మా గురువు నా చిటికెనవేలు విరిచాడు. చూడు, ఇప్పటికీ వంగదు. ఆయన పోయిన రోజున నేను ఏడ్చినంత ఆయన కొడుకులు ఏడవలేదు.”

“మీ గురువుగారి తప్పు నా కొడుకెందుకు మొయ్యాలి?”

ఇదంతా నెమ్మదిగా, రోగి మంచం పక్కన మాట్లాడుకుంటున్నట్టు. అరుచుకుని ఉంటే ఇంత భయం వేసేది కాదేమో.

“ఊద్ ఏది?” అన్నాడు షేఖ్.

“పెట్టెలో ఉంది,” అన్నాడు నదీర్ తల వంచుకుని.

“గొంతును కూడా పెట్టెలో పెట్టిందా మీ అమ్మ? లేదు కదా. పాడు. ఆఖరి పాట. పాటకు పూలనీళ్ళు చేదెక్కవులే.”

నదీర్ తల్లి వైపు చూశాడు. జులైఖా అవుననలేదు, కాదనలేదు. వాడు చాప మీద మఠం వేసుకుని కూర్చుని, మోకాలి మీద తాళం వేసుకుంటూ మొదలుపెట్టాడు.

కన్నవాళ్ళకు తమ పిల్లలు ముద్దు అంటారు గానీ, నా బిడ్డ కాకపోయినా చెబుతున్నాను, ఆ గొంతులో ఏదో ఉంది. మొదటి పాదానికి జులైఖా కళ్ళు తుడుచుకుంది. రెండో పాదానికి నేను. మూడో పాదం దగ్గర గొంతు పైకి లేచింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, పైన నిలబడి ఊగి, కిందికి దూకింది. షేఖ్ కళ్ళు మూసుకుని విన్నాడు.

“బాగుంది,” అన్నాడు. ఆ నోటి నుంచి ఆ మాట రావడం వీడు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి అయి ఉండాలి. “గురువారం ఇలాగే పాడు. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాకూడదు. అర్థమైందా?”

“చిత్తం షేఖ్.”

అంతలో ఇంకో గొంతు వినిపించింది.

మొదట అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. కింద వాటా నుంచేమో అనుకున్నాను. తుప్పు పట్టిన గొంతు, గాలి ఎక్కువ, పలుకు తక్కువ. మూడో పాదం, మాటలవే. కానీ పైకి లేవలేదు. మధ్యలో కూర్చుంది. కాసేపు అక్కడే ఉండి, అలసిన మనిషి నడుం వాల్చినట్టు కిందికి దిగింది.

లార్బీ పాడుతున్నాడు. మాకు వీపు పెట్టి, ఖత్తార్ వైపు చూస్తూ.

నా తమ్ముడి గొంతు విని ఎన్నేళ్ళయిందో! నా చేతులు వాటంతట అవే నోటికి అడ్డం వెళ్ళాయి. జులైఖా గోడ పట్టుకుంది. నదీర్ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. పాదం అయిపోయాక ఖత్తార్ ముక్కు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప వసారాలో ఏమీ లేదు.

“నదీర్,” అన్నాడు షేఖ్ చివరికి. చూపు మాత్రం లార్బీ వీపు మీదే ఉంది. “ఊరు కప్పులు బోర్లించింది ఎవరికి? నాకా?”

నదీర్ లార్బీ వైపు చూశాడు.

“ఏ పాటకు? ఏ పాదానికి?”

“ఈ పాదానికే షేఖ్.”

“మరి ఆ పాదం దగ్గర ఇప్పుడు నీకు దారి చూపిస్తున్నది ఎవరు? ఆలోచించుకో. తోవ తప్పినవాణ్ణి తోవ అడుగుతావా?”

కర్ర అందుకుని లేచాడు. తలుపు దగ్గర జులైఖాతో, “గురువారం ముందు వరసలో కూర్చుంటానమ్మా. వాడు రాకపోతే నా తలుపు వాడికి ఇక లేదు. నాది లేకపోతే ఈ ఊళ్ళో ఎవరిదీ ఉండదు,” అన్నాడు. మెట్లు దిగిపోయాడు. కర్ర చప్పుడు వీధిలోకి పోయి సన్నబడింది.

నదీర్ గిర్రున నా వైపు తిరిగాడు.

“పెద్దమ్మా, ఆ రోజు నువ్వు జాలీ వెనకే ఉన్నావు కదా. మామ ఏది పాడాడు? షేఖ్ నాకు చెప్పిందా, ఇప్పుడు మామ పాడిందా?”

“నాకు గుర్తు లేదురా.”

“గుర్తు లేకపోవడమేంటి!”

“కప్పులే గుర్తున్నాయి. నన్ను చంపినా అంతే. కప్పుల చప్పుడే ఉండిపోయింది చెవిలో.”

“ఆయన చెప్పిందే పాడాను,” అన్నాడు లార్బీ.

మామూలుగా నా తమ్ముడు రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు నీళ్ళ గురించి. ఆ రోజు పీట మీద ఇటు తిరిగి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

“ప్రతి శిష్యుడికీ ఆయన ఒక పాదం తప్పుగా ఇస్తాడు. ఆయన గురువు ఆయనకు అలాగే ఇచ్చాడట. తలమీద చెయ్యి పెట్టి ఆశీర్వదించే రోజున సరిచేస్తాడు. ఈలోగా ఎవడైనా పాట ఎత్తుకుని పారిపోతే, ఎక్కడ పాడినా ఆ తప్పు దగ్గర దొంగ దొరికిపోతాడు.”

“నీకు సరిచెయ్యలేదా?”

“చెయ్యలేదు. చెయ్యకుండానే కూర్చోబెట్టాడు.”

“ఎందుకు?”

“నేను అడగలేదు.”

“ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడానా?” అన్నాను నేను. ఉండబట్టలేకపోయాను. “ఒరే, మేము నిన్ను చూస్తూ ఇంట్లో బతికున్న శవాన్ని కాపలా కాసినట్టు కాశాం కదరా. నాతోనైనా చెప్పలేకపోయావా?”

“పాడే ముందు అది తప్పని నీకు తెలియదా మామా?” నదీర్ గొంతు మారింది. ఇందాకటి పొగరు లేదు.

“తెలుసు.”

“తెలుసా?”

“ఆ రాగం అక్కడ పైకి పోదు. నీళ్ళు ఎత్తుకు పారతాయా? చెవి ఉన్నవాడికి తెలిసిపోతుంది.”

“మరి ఎందుకు పాడావు?”

“గురువు చెప్పింది కదరా,” అన్నాడు లార్బీ. “దిద్దడానికి నేనెవణ్ణి అనుకున్నాను. ముందు వరసలో ఆయన కూడా ఉన్నాడు. మొదట బోర్లించింది ఆయన కప్పే.”

జులైఖా ‘యా రబ్బీ’ అంటూ నేల మీద కూలబడింది. ఇన్నేళ్ళూ ఆ మొదటి కప్పు ఎవరిదో మాకు తెలియదు. ఆ మనిషికి నేను ఇందాకే నా చేత్తో కాఫీ పోశాను.

“నాకూ తెలుసు మామా,” అన్నాడు నదీర్.

ముగ్గురమూ వాడి వైపు తిరిగాం.

“చలికాలం నుంచీ తెలుసు. నోట్లో కుదరడం లేదు. నిన్న ఆయన కళ్ళు మూసుకుని ఉంటే, ఒక్కసారి సరిగ్గా పాడి చూద్దామని పాడాను. నువ్వు పాడినట్టే. అప్పుడే డప్పు తీశాడు.” వాడి చెయ్యి చెవి కిందికి వెళ్ళింది. “అందుకే అమ్మకు చెప్పలేదు. తప్పు పాడితే కొట్టాడని చెప్పుకోవచ్చు. సరిగ్గా పాడితే కొట్టాడని ఎవరికి చెప్పుకోను?”

“మరి ఇందాక ఆయన ముందు మళ్ళీ తప్పుగానే పాడావే!” అంది జులైఖా.

“నోరు దానంతటదే పైకి పోయిందమ్మా. ఆయన అలా చూస్తూ ఉంటే.” వాడు ఏడుస్తున్నాడు, తుడుచుకోవడం కూడా లేదు. “గురువారం కూడా అలాగే పోతుంది. నాకు తెలుస్తోంది. సరిగ్గా పాడితే అందరిముందూ నన్ను గెంటేస్తాడు. ఆయన చెప్పినట్టు పాడితే కప్పులు పడతాయి. నేనూ వచ్చి ఈ పీట పక్కనే ఇంకో పీట వేసుకుంటాను.”

ఇలాంటప్పుడు నా చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి సర్దుతాయి. పళ్ళెం తీద్దామని వంగాను. వంగినదాన్ని అలాగే ఆగిపోయాను.

షేఖ్ తాగిన గ్లాసు పళ్ళెంలో బోర్లించి ఉంది. చుట్టూ కాఫీ మడ్డి నల్లగా పరుచుకుని ఉంది.

“ఎప్పుడు తిప్పాడు?” అంది జులైఖా లోగొంతుతో.

నేను చూడలేదు. జులైఖా కూడా చూడలేదు. అందరమూ లార్బీ వీపునే చూస్తూ ఉన్నాం.

“నేను పాడినప్పుడా, మామ పాడినప్పుడా? పెద్దమ్మా, ఎప్పుడు?” నదీర్ నా మోచెయ్యి పట్టుకుని ఊపాడు. “నేను పాడినప్పుడే అయితే, నాది తప్పని నా మొహం మీదే చెప్పినట్టు కదా! బాగుందని నోటితో అంటూ, చేత్తో...”

లార్బీ పీట మీద నుంచి లేచాడు. గ్లాసు చూస్తే వెళ్ళిపోతాడేమోనని నేను కొంగు అడ్డం పెట్టబోయాను. నా చెయ్యి పక్కకు తీసి, గ్లాసు ఎత్తి, తిన్నగా నిలబెట్టాడు. వేళ్ళకు అంటిన మడ్డిని చూసుకున్నాడు. తరవాత జులైఖా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు.

“తాళంచెవి.”

జులైఖా ఆ చేతిని చూసింది. అన్న మొహం చూసింది. పొద్దున్నుంచీ కన్నకొడుకు బతిమాలినా ఇవ్వనిది, రవికలో నుంచి తీసి ఆ అరచేతిలో పెట్టింది. నదీర్ కళ్ళు తుడుచుకుని పెట్టె ఉన్న గదిలోకి పరిగెత్తాడు.

లార్బీ ఆ గదిలోకి వెళ్ళలేదు. మేకుకున్న బుర్నూసు తీసి భుజాన వేసుకున్నాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. తాళంచెవి పిడికిట్లో బిగించి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

“మామా, పెట్టె ఇటుంది!” గదిలో నుంచి నదీర్ అరిచాడు.

నేను కిటికీ దగ్గరికి ఉరికాను. మా గుమ్మం దాటితే ఎడమకు మసీదు, పూలబజారు. కుడికి కంసాలుల వీధి. లార్బీ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు. కుడికి తిరిగాడు. నడక కాదది, దాదాపు పరుగు. ఆ వీధి మలుపులో ఇంకా తెల్లటి బుర్నూసు కనిపిస్తోంది, కర్ర పోటేసుకుంటూ, నెమ్మదిగా. ఇన్నేళ్ళూ అడగని ఆ ‘ఎందుకు’ అడిగాకే పెట్టె తెరుస్తాడని నాకప్పుడు తోచింది.

“లార్బీ!” వీధంతా దద్దరిల్లేలా కేక పెట్టింది జులైఖా.

వాడు వెనక్కి చూడలేదు. మా వెనక, చల్లనీళ్ళు పోసే దిక్కు లేక, ఖత్తార్‌లో పూలు మాడుతున్న వాసన వచ్చింది.